ఈమాక్స్‌లో ప్యాకేజీలు: దించడం నుంచి దులిపేయడం దాకా

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ మొదలుపెట్టిన కొత్తలో చాలామంది చేసే పని ఒకటుంది. గిట్‌హబ్‌లో ఎవరిదో వేల లైన్ల కాన్ఫిగ్, అంటే సెట్టింగుల మూట, కనబడితే దాన్ని మొత్తంగా దించుకుని తమ హోమ్ ఫోల్డర్లో పడేసుకుంటారు. కొన్నాళ్లు బ్రహ్మాండంగా నడుస్తుంది, తర్వాత ఎక్కడో ఏదో విరుగుతుంది, ఏ ప్యాకేజీ ఎందుకు ఉందో తెలీదు కాబట్టి ఎక్కడ వెతకాలో కూడా తెలీదు, ఇక బెంగళూరు మారతహళ్లి పీజీలో పక్క మంచం వాడు "వీఎస్ కోడ్ పెట్టుకోరా బాబూ, ఎందుకీ గోల" అంటాడు. వాడి మాటలోనూ న్యాయం ఉంది.

కానీ ప్యాకేజీలు, అంటే ఈమాక్స్‌కి తగిలించుకునే అదనపు సౌకర్యాలు, వెతకడం, దించడం, పాతవి మార్చడం, తీసేయడం, ఇవన్నీ ఈమాక్స్ లోపలి నుంచే చేసుకునే ఏర్పాటు 2012లో వచ్చిన 24వ వెర్షన్ నుంచీ ఉంది. దాన్ని తీరిగ్గా ఒకసారి నేర్చుకుంటే అరువు కాన్ఫిగ్‌తో పని ఉండదు. నా ఉద్దేశంలో దించుకోవడం అసలు పనే కాదు, ఎవరైనా దించుతారు. ప్యాకేజీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఉండాలి, అప్‌గ్రేడ్ బెడిసికొడితే వెనక్కి రాగలగాలి, అక్కర్లేనిదాన్ని శుభ్రంగా తీసేయగలగాలి. అందుకే ఇక్కడ ఆ మూడింటి మీదే ఎక్కువసేపు కూర్చుంటాను. కోడ్ ఒక్క లైను కూడా రాయక్కర్లేకుండా, అంతా మెనూలతో, సెట్టింగ్ పేజీలతోనే చెబుతున్నా.

ముందు రెండు విషయాలు

కమాండ్ ఇవ్వడమంటే ఆల్ట్ కీ పట్టుకుని ఎక్స్ నొక్కి, కింద వచ్చే గీతలో పేరు కొట్టి ఎంటర్ నొక్కడం. మ్యాక్‌లో అయితే ఆల్ట్ బదులు ఆప్షన్. పేర్లలో మాటల మధ్య ఖాళీ ఉండదు, హైఫన్ ఉంటుంది. మొత్తం పేరు కొట్టాల్సిన పని లేదు, నాలుగు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూర్తి చేస్తుంది, లేదా సరిపోయే పేర్లన్నీ చూపిస్తుంది. కింద నేను "ఫలానా కమాండ్ ఇవ్వండి" అన్న ప్రతిచోటా ఇదే పద్ధతి.

రెండోది వెర్షన్. ఈమాక్స్-వెర్షన్ అనే కమాండ్ ఇస్తే కింద చెబుతుంది. ఆఫీసు లాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఉంటే దాని సొంత రిపాజిటరీలో వచ్చేది 27.1, ఉబుంటు 24.04లో వచ్చేది 29.3. ఈ తేడా చిన్నదేం కాదు. 28 నుంచి రెండు అధికారిక భాండారాలు (ప్యాకేజీలు దొరికే చోట్లు) మొదటి నుంచే కలిపి ఉంటాయి, 29లో అప్‌గ్రేడ్‌కి విడి కమాండ్లు వచ్చాయి, ఎగ్లాట్, యూజ్-ప్యాకేజ్ లాంటి ప్యాకేజీలు అందులోనే కలిసిపోయాయి, 30లో విచ్-కీ అనే ప్యాకేజీ కూడా చేరింది. కాబట్టి వీలుంటే 29 లేదా ఆ పైది పెట్టుకోండి. 27 మీదే ఉండాల్సి వస్తే కింద చెప్పేవాటిలో కొన్ని కమాండ్లు దొరకవు, ఎక్కడెక్కడో చెబుతాను.

ఏ దుకాణం సరుకు ఎలాంటిది

ప్యాకేజీలు మూడు ముఖ్యమైన భాండారాల నుంచి వస్తాయి. మొదటిది గ్నూ ఎల్పా. ఇందులో చేరాలంటే రాసినవాళ్లు తమ కాపీరైట్‌ని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కి రాసివ్వాలి, అందుకని ప్యాకేజీలు తక్కువ, వచ్చినవి మాత్రం ఓ పద్ధతిలో ఉంటాయి. రెండోది నాన్‌గ్నూ ఎల్పా, ఇక్కడ ఆ రాసివ్వడం అక్కర్లేదు, 2022లో వచ్చిన 28వ వెర్షన్ నుంచి ఇది కూడా ముందే కలిపి ఇస్తున్నారు. మూడోది మెల్పా. అన్నిటికంటే పెద్దది, జనం ఎక్కువ వాడేది ఇదే, కానీ ఈమాక్స్‌తో పాటు రాదు, మనమే కలుపుకోవాలి.

మెల్పా గురించి ఒక్క సంగతి తెలిస్తే సగం తలనొప్పులు ముందే తప్పుతాయి. అక్కడ ప్యాకేజీ అంటే రచయిత విడుదల చేసిన వెర్షన్ అని కాదు, వాళ్ల గిట్ రిపాజిటరీలో తాజాగా ఉన్న కోడ్. రచయిత నిన్న రాత్రి సగం మార్చి నిద్రపోతే, ఆ సగమే మీ ఎడిటర్లోకి వస్తుంది. అందుకే వాటి వెర్షన్ నంబర్లు తేదీల్లా ఉంటాయి, ముందు సంవత్సరం, నెల, రోజు, తర్వాత చుక్క పెట్టి సమయం. విడుదల ట్యాగ్ వేసినవే కావాలనుకునేవాళ్లకి మెల్పా స్టేబుల్ అని వేరే ఉంది. ఈ రెండూ కలిపి పెట్టుకుంటే ఒక చిక్కు: 20240115 అనే సంఖ్య ముందు 3.3 ఎప్పుడూ చిన్నదే కదా, కాబట్టి ఈమాక్స్ ఎప్పుడూ తేదీ నంబరు దాన్నే కొత్తదనుకుని దించుతుంది.

మెల్పా కలపడం ఇలా. కస్టమైజ్-వేరియబుల్ అని కమాండ్ ఇచ్చి, పేరు అడిగినప్పుడు ప్యాకేజ్-ఆర్కైవ్స్ అని ఇవ్వండి. ఒక ఫారం లాంటి పేజీ వస్తుంది, ఇప్పటికే ఉన్న భాండారాలు అందులో కనిపిస్తాయి. ఐఎన్ఎస్ అని ఉన్న బటన్ నొక్కితే కొత్త ఖాళీ వరస వస్తుంది. పేరు దగ్గర ఇంగ్లీషులో మెల్పా అని, చిరునామా దగ్గర హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెట్టి మెల్పా డాట్ ఆర్గ్ స్లాష్ ప్యాకేజెస్ స్లాష్ అని కొట్టండి, చివరి స్లాష్ మర్చిపోవద్దు. పైన అప్లై అండ్ సేవ్ నొక్కండి. ఇది మీ ఇనిట్ ఫైల్ (ఈమాక్స్ తెరుచుకోగానే చదివే సెట్టింగుల ఫైలు) చివర్లో తనంతట తాను రాసుకుంటుంది, ఆ భాగాన్ని చేత్తో కెలకకండి.

జాబితా తెరిచి, వెతికి, దించడం

లిస్ట్-ప్యాకేజెస్ కమాండ్ ఇవ్వండి. నెట్ నుంచి తాజా జాబితా తెచ్చుకోవడానికి కాసేపు పడుతుంది, పీజీ వైఫై రాత్రి పది గంటలకి ఎలా ఉంటుందో దాన్ని బట్టి ఇంకాసేపు కూడా పట్టొచ్చు. తర్వాత వేలాది పేర్లతో పట్టిక వస్తుంది: పేరు, వెర్షన్, స్టేటస్, భాండారం, ఒక లైను వివరణ.

ఆ వేలల్లోంచి కావలసింది పట్టుకోవడానికి స్లాష్ నొక్కి తర్వాత ఒక అక్షరం. స్లాష్, ఎన్ అంటే పేరుతో వడపోత. స్లాష్, కె అంటే కీవర్డ్‌తో. స్లాష్ రెండుసార్లు నొక్కితే వడపోత తీసేసి మళ్లీ అంతా చూపిస్తుంది. ఈ ఆఖరిది తెలియక "నా జాబితా మాయమైపోయింది" అని కంగారుపడేవాళ్లున్నారు, గుర్తుపెట్టుకోండి.

స్టేటస్ వరస చదవడం రావాలి. అవైలబుల్ అంటే దించుకోవచ్చు. న్యూ అంటే పోయినసారి జాబితా చూసినప్పుడు లేనిది. ఇన్‌స్టాల్డ్ అంటే మీరు కావాలని పెట్టుకున్నది, డిపెండెన్సీ అంటే దాని తోకపట్టుకుని వచ్చింది, ఈ రెండింటి తేడా తీసేసేటప్పుడు పనికొస్తుంది. బిల్ట్-ఇన్ అంటే ఈమాక్స్‌తో పాటే వచ్చేసింది. ఇన్‌కంపాట్ అంటే ఇక్కడ దించడం కుదరదని, ఎక్కువసార్లు మీ ఈమాక్స్ దానికి పాతదన్నమాట.

ఏదైనా పేరు మీద ఎంటర్ నొక్కితే వివరాల పేజీ వస్తుంది. దించే ముందు ఇది చూడకుండా వెళ్లకండి. దానికి ఇంకేమేం కావాలో రిక్వైర్స్ దగ్గర ఉంటుంది, ఒక చిన్న రంగుల థీమ్‌కి అర డజను డిపెండెన్సీలు కనబడితే నేనైతే వెనక్కి వచ్చేస్తాను. హోమ్‌పేజీ లింకు ఉంటే తెరిచి, చివరి మార్పు ఎప్పుడు జరిగిందో చూడండి. ఎందుకంత జాగ్రత్త అంటే, ఈమాక్స్ ప్యాకేజీకి కంచెలేమీ ఉండవు. మీరు మీ లాప్‌టాప్‌లో ఏ ఫైలు చదవగలరో అదీ చదవగలదు, మీరు ఏ కమాండ్ నడపగలరో అదీ నడపగలదు. ఆఫీసు మెషీన్లో, క్లయింట్ కోడ్ పక్కన, ఎవరో తెలియని వాళ్ల కోడ్ నడుపుతున్నామనే సోయి ఉంటే చాలు.

నచ్చితే జాబితాలోకి వచ్చి ఆ వరస మీద ఐ నొక్కండి, పక్కన పెద్ద ఐ గుర్తు పడుతుంది. గుర్తు పడిందంటే దిగిపోయినట్టు కాదు. ఇంకా కావలసినవి గుర్తు పెట్టుకుంటూ పోయి, మనసు మారితే యు నొక్కి గుర్తు తీసేసి, చివర్లో ఎక్స్ నొక్కితే అన్నీ కలిపి చూపించి సరేనా అని అడుగుతుంది, వై అనండి. పేరు ముందే తెలిసినప్పుడు ఈ జాబితా అక్కర్లేదు, ప్యాకేజ్-ఇన్‌స్టాల్ కమాండ్ ఇచ్చి పేరు ఇస్తే సరిపోతుంది.

దించుతుండగా కింద ఇంకో కిటికీ తెరుచుకుని పసుపు అక్షరాల్లో వార్నింగులు వరసగా పడతాయి. చూసి టెన్షన్ పడొద్దు. ప్యాకేజీని కంపైల్ చేస్తూ, రచయిత పాత పద్ధతిలో రాసినవాటిని ఎత్తి చూపిస్తుందంతే. ఎర్రర్ అని ఉంటేనే ఆగి చదవండి. 28 నుంచి నేటివ్ కంపైలేషన్ (ప్యాకేజీ కోడ్‌ని నేరుగా మెషీన్ కోడ్‌గా మార్చడం) వచ్చింది కాబట్టి దించేసిన తర్వాత కూడా వెనకాల ఇవి వస్తూ ఉండొచ్చు, మరీ విసిగిస్తే నేటివ్-కాంప్-అసింక్-రిపోర్ట్-వార్నింగ్స్-ఎర్రర్స్ అనే వేరియబుల్‌ని కస్టమైజ్‌లో సైలెంట్ చేయండి.

దిగింది గానీ పని చేయట్లేదు

అందరూ అడిగేదే ఇది. దించడం వేరు, ఆన్ చేయడం వేరు. ఉదాహరణకి వెర్టికో దించారనుకోండి, కింద గీతలో పేర్లు నిలువుగా చూపించే చక్కని ప్యాకేజీ, గ్నూ ఎల్పాలోనే ఉంది. దించాక ఏమీ మారదు. వెర్టికో-మోడ్ అని కమాండ్ ఇస్తే అప్పుడు మొదలవుతుంది, కానీ ఈమాక్స్ మూసి తెరిస్తే మళ్లీ పోతుంది. శాశ్వతంగా ఉండాలంటే కస్టమైజ్-వేరియబుల్‌లో వెర్టికో-మోడ్ తెరిచి, టాగుల్ నొక్కి, అప్లై అండ్ సేవ్. గిట్ పనులు చేసిపెట్టే మాగిట్ లాంటివాటికి ఇది కూడా అక్కర్లేదు, మాగిట్-స్టేటస్ కమాండ్ ఇవ్వగానే అదే లేస్తుంది. ఏ ప్యాకేజీకి ఏం చేయాలో దాని వివరాల పేజీలోనే దాదాపు ఎప్పుడూ రాసి ఉంటుంది.

అసలు దించక్కర్లేనివి కూడా చాలా ఉన్నాయి. తెలుగులో టైప్ చేయడానికి ప్యాకేజీ వెతికేవాళ్లని చూశాను. అది లోపలే ఉంది: కంట్రోల్ ఎక్స్, ఎంటర్, కంట్రోల్ బ్యాక్‌స్లాష్ వరసగా నొక్కి, తెలుగు-ఐట్రాన్స్ గానీ తెలుగు-ఇన్‌స్క్రిప్ట్ గానీ ఎంచుకుంటే చాలు, ఆ తర్వాత కంట్రోల్ బ్యాక్‌స్లాష్ నొక్కినప్పుడల్లా తెలుగుకీ ఇంగ్లీషుకీ మారుతుంది. అక్షరాలు సరిగ్గా అతుకుతున్నాయో లేదో చూడాలంటే కంట్రోల్ హెచ్ నొక్కి చిన్న హెచ్ నొక్కండి, ప్రపంచ భాషల పలకరింపుల పేజీలో మన నమస్కారం కూడా ఉంటుంది. ఒత్తులు విడిపోయి గళ్లు గళ్లుగా కనిపిస్తే ఫాంట్ లేదన్నమాట, నోటో తెలుగు ఫాంట్ సిస్టంలో వేసుకోండి, ప్యాకేజీలతో దానికి సంబంధం లేదు.

ఆఫీసు నెట్‌లో జాబితానే రాకపోతే

అవుటర్ రింగ్ రోడ్డు మీద కొన్ని ఆఫీసుల్లో బయటికి వెళ్లే ట్రాఫిక్ అంతా ప్రాక్సీ అనే మధ్యవర్తి సర్వర్ గుండానే పోవాలి. బ్రౌజర్‌కి ఆ సంగతి తెలుసు, ఈమాక్స్‌కి తెలీదు, అందుకే జాబితా రాకుండా వేలాడుతుంది. కస్టమైజ్‌లో యూఆర్ఎల్-ప్రాక్సీ-సర్వీసెస్ అనే వేరియబుల్ తెరిచి, స్కీమ్ దగ్గర హెచ్‌టీటీపీఎస్ అని, ఎదురుగా మీ ప్రాక్సీ పేరు, కోలన్, పోర్టు నంబరు ఇవ్వండి. ఎదురుగా ఇచ్చేదానికి ముందు హెచ్‌టీటీపీ కోలన్ స్లాష్ స్లాష్ లాంటివి పెట్టొద్దు. టెర్మినల్లో ప్రాక్సీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ముందే పెట్టి ఉంటే ఈమాక్స్ వాటిని తనే చదువుకుంటుంది, కానీ మ్యాక్‌లో డాక్ మీద నొక్కి తెరిచినప్పుడు అవి అందవు. మీ కంపెనీ రూల్స్ ఏం చెబుతున్నాయో ముందు అడగండి, అది మాత్రం నేను చెప్పలేను.

ఇంకో రెండు ఎర్రర్లు తరచూ వస్తాయి. ఒకటి నాట్ ఫౌండ్, 404. మెల్పాలో కొత్తది తయారవగానే పాత ఫైలు తీసేస్తారు, మీ దగ్గరున్న పాత జాబితా ఆ తీసేసినదాన్నే అడుగుతుంది. ప్యాకేజ్-రిఫ్రెష్-కంటెంట్స్ కమాండ్ ఇచ్చి మళ్లీ దించండి. రెండోది సంతకం సరిచూడలేకపోయాను అనే ఎర్రర్. గ్నూ ఎల్పా ప్యాకేజీల మీద డిజిటల్ సంతకం ఉంటుంది, 2019లో ఆ పాత తాళం గడువు తీరిపోయింది కాబట్టి బాగా పాత ఈమాక్స్‌లు దాన్ని నమ్మవు. ప్యాకేజ్-చెక్-సిగ్నేచర్‌ని ఆ ఒక్కసారికి, సేవ్ చేయకుండా, నిల్ (అంటే ఆఫ్) చేసి, గ్నూ-ఎల్పా-కీరింగ్-అప్‌డేట్ అనే ప్యాకేజీ దించి, వెంటనే మామూలు స్థితికి తెచ్చేయండి. అలాగే నిల్‌లో వదిలేయమని చెప్పే సలహాలు నెట్‌లో చాలా దొరుకుతాయి, వాటిని పట్టించుకోకండి.

అప్‌గ్రేడ్: తొందరపడితే ఇక్కడే

జాబితాలో పెద్ద యు నొక్కితే కొత్త వెర్షన్ ఉన్నవన్నీ గుర్తు పడతాయి, కొత్తదానికి ఐ, పాతదానికి డి. ఎక్స్ నొక్కితే అన్నీ ఒకేసారి మారిపోతాయి. 29 నుంచి ప్యాకేజ్-అప్‌గ్రేడ్-ఆల్ అని కమాండ్ కూడా ఉంది, ఒక్కటే మార్చాలంటే ప్యాకేజ్-అప్‌గ్రేడ్. ఇంత తేలిక కాబట్టే ప్రమాదం. ఈ ఏర్పాటుకి ఏ వెర్షన్ దించామో రాసిపెట్టే లాక్ ఫైల్ అనేది లేదు, పాత వెర్షన్‌ని చెరిపేసి కొత్తది పెడుతుంది, వెనక్కి వెళ్లే బటన్ లేదు, మెల్పా అయితే పాత ఫైలుని తన దగ్గర కూడా ఉంచుకోదు.

కాబట్టి ముందు కాపీ తీసుకోండి. ప్యాకేజీలన్నీ ఒక్క ఫోల్డర్లోనే ఉంటాయి, మామూలుగా హోమ్‌లో డాట్ ఈమాక్స్ డాట్ డి లోపల ఎల్పా. మీది ఎక్కడుందో అనుమానమైతే కంట్రోల్ హెచ్, వి నొక్కి ప్యాకేజ్-యూజర్-డిర్ అని ఇవ్వండి, చెబుతుంది. దాని పైఫోల్డర్‌ని కంట్రోల్ ఎక్స్, డి తో తెరిచి, ఎల్పా వరస మీద పెద్ద సి నొక్కి, ఎల్పా-పాతది అని అర్థమయ్యేలా ఏదో పేరు ఇంగ్లీషులో ఇస్తే మొత్తం కాపీ అవుతుంది. అప్‌గ్రేడ్ తర్వాత ఏదైనా విరిగిందా, ఈమాక్స్ మూసేసి, కొత్త ఎల్పా పేరు మార్చి పక్కన పెట్టి, పాతదాన్ని దాని పేరుతో తెచ్చేస్తే నిన్నటి స్థితి వచ్చేస్తుంది.

ఎప్పుడు చేయాలనేది కూడా ముఖ్యమే. శుక్రవారం సాయంత్రం అప్‌గ్రేడ్ కొట్టి, మడివాళలో నెల్లూరు బస్సు ఎక్కి, రాత్రి దారిలో నెట్ లేని చోట లాప్‌టాప్ తెరిచి చూడొద్దు. దించిన ప్యాకేజీలు నెట్ లేకపోయినా పనిచేస్తాయి, విరిగినవాటిని బాగుచేయడానికే నెట్ కావాలి. శనివారం పొద్దున, ఏ డెలివరీ లేనప్పుడు, నెలకోసారి చేస్తే చాలు. రోజూ చేసేవాళ్లకి అదో వ్యసనం, నాకైతే దాని వల్ల లాభం కనబడలేదు.

రోజువారీ పని ఆధారపడిన ప్యాకేజీ ఏదైనా ఉంటే దాన్ని మెల్పా తాజా కోడ్ నుంచి తప్పించి నిలకడైన భాండారానికి కట్టేయొచ్చు. మాగిట్ నాన్‌గ్నూలో కూడా ఉంది కాబట్టి దాన్నే తీసుకుందాం. కస్టమైజ్‌లో ప్యాకేజ్-పిన్డ్-ప్యాకేజెస్ తెరిచి, ప్యాకేజీ దగ్గర మాగిట్, భాండారం దగ్గర నాన్‌గ్నూ అని ఇచ్చి సేవ్ చేయండి. ఇప్పటికే మెల్పా నుంచి దించి ఉంటే ఇది ఒక్కటే సరిపోదు, ఆ పెద్ద తేదీ నంబరు అడ్డంపడుతుంది. ముందు దాన్ని తీసేసి, జాబితా రిఫ్రెష్ చేసి, మళ్లీ దించాలి.

ఈమాక్స్‌నే 28 నుంచి 29కో 30కో మార్చినప్పుడు అర్థంకాని ఎర్రర్లు వస్తే, పాత ఈమాక్స్‌తో కంపైల్ అయిన ఫైళ్లే కారణం కావొచ్చు. 29 నుంచి ప్యాకేజ్-రీకంపైల్-ఆల్ ఉంది, అదివ్వండి. 28 లోపు వాళ్లు ఆ ప్యాకేజీని తీసి మళ్లీ దించుకోవడమే.

విరిగింది ఎక్కడో పట్టుకోవడం

టెర్మినల్ నుంచి ఈమాక్స్‌ని హైఫన్ పెద్ద క్యూ తో తెరవండి. అప్పుడు మీ సెట్టింగులూ, ప్యాకేజీలూ ఏవీ లేకుండా పచ్చిగా తెరుచుకుంటుంది. సమస్య అక్కడ కూడా ఉంటే ప్యాకేజీల తప్పు కాదు. అక్కడ లేకపోతే రెండు హైఫన్లు, డీబగ్-ఇనిట్ తో తెరవండి, మొదలయ్యేటప్పుడు ఎక్కడ ఆగిందో ఒక జాడ చూపిస్తుంది, అందులో ఏ ప్యాకేజీ పేరు కనిపిస్తే దాన్ని ముందు అనుమానించండి. తెరుచుకోవడం నెమ్మదిగా ఉందనిపిస్తే ఈమాక్స్-ఇనిట్-టైమ్ కమాండ్ ఎన్ని సెకన్లు పట్టిందో చెబుతుంది. ప్యాకేజీలు ఎక్కువైతే 27 నుంచి ఉన్న ప్యాకేజ్-క్విక్‌స్టార్ట్ ఆన్ చేసి చూడండి.

తీసేయడం, కొత్త లాప్‌టాప్‌కి తీసుకెళ్లడం

జాబితాలో డి నొక్కితే తీసివేత గుర్తు, ఎక్స్ నొక్కితే అమలు. ఇంకో ప్యాకేజీకి అది కావాలంటే తీయనంటుంది, దానితో పోట్లాడొద్దు, ఆ ఇంకోదాన్ని ముందు తీయండి. ఒకటి తీశాక దాని కోసం వచ్చిన డిపెండెన్సీలు అనాథల్లా మిగిలిపోతాయి, ప్యాకేజ్-ఆటోరిమూవ్ ఇస్తే వాటి పేర్లు చూపించి అడిగి తీసేస్తుంది.

ఆ పేర్లు చదవకుండా వై కొట్టొద్దు. మీరు కావాలని పెట్టుకున్నవేవో ఈమాక్స్‌కి తెలిసేది ప్యాకేజ్-సెలెక్టెడ్-ప్యాకేజెస్ అనే వేరియబుల్ ద్వారానే, అది ఇనిట్ ఫైల్లో సేవ్ అయి ఉంటుంది. పాత మెషీన్ నుంచి ఎల్పా ఫోల్డర్ మాత్రం తెచ్చుకుని ఇనిట్ ఫైల్ తేకపోతే ఆ వేరియబుల్ ఖాళీ, అప్పుడు ఆటోరిమూవ్ దృష్టిలో మీ ప్యాకేజీలన్నీ అక్కర్లేనివే.

అందుకే కంపెనీ మారి కొత్త లాప్‌టాప్ చేతికొచ్చినప్పుడు దీన్ని తిరగేసి చేయండి. ఎల్పా ఫోల్డర్ని వదిలేసి ఇనిట్ ఫైల్ మాత్రం తెచ్చుకోండి, అందులో ఆఫీసు ప్రాక్సీ లాంటివి ఉంటే ముందు చెరిపేయండి. ఈమాక్స్ తెరిచి, ఒకసారి ప్యాకేజ్-రిఫ్రెష్-కంటెంట్స్, తర్వాత ప్యాకేజ్-ఇన్‌స్టాల్-సెలెక్టెడ్-ప్యాకేజెస్. పేర్లు చూపించి వై అడుగుతుంది, డిపెండెన్సీలతో సహా అన్నీ దించుకుంటుంది. మధ్యలో నెట్ తెగితే అదే కమాండ్ మళ్లీ ఇవ్వండి, మిగిలిపోయినవాటినే అడుగుతుంది.